పెళ్లికి ముందే కోడలు

"మనిషికి తాళం వేసి పోతరా? ఆయనేమన్న బండా, స్టాండేసి తాళం తీస్కపోనీకి?"

మహిపాల్ బిత్తరపోయాడు. హన్మకొండ సుబేదారిలో, మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లను పగటిపూట చూసుకునే డే కేర్ సెంటర్ అది. అడుగుపెట్టి ఐదు నిమిషాలు కాలేదు. ఫారం నింపుతున్న అమ్మాయి "మీరు పనికి పోతే ఇంట్ల పెద్దాయన తాన ఎవరుంటరు?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. నిజం చెప్పినందుకు ఇన్ని అక్షింతలు పడతాయని అతనికేం తెలుసు!

"మరేం చెయ్యాలె మేడం? అమ్మ పోయి మూడేండ్లాయె. నేను ఫ్లెక్సీలు కొట్టే షాపుల పని చేస్త. తలుపు తీసి ఉంటే బాపు ఎటు పోతడో తెల్వది."

"ఇన్నొద్దులు ఈడికి ఎందుకు తోల్కరాలే?"

"పిచ్చి దవాఖాన అనుకుంటరని..."

"ఎవలు?"

"వాడకట్టోళ్లు."

"వాడకట్టోళ్లొచ్చి చూస్తాన్రా మీ బాపును?"

మహిపాల్ చూపు దించుకున్నాడు. ఆమె మెడలో వేలాడే కార్డు మీద స్నేహలత అని ఉంది. కోపమొస్తే ఆ పిల్ల ముక్కు కొస ఎర్రబడుతోంది. తిట్లు తింటూ కూడా అది గమనించాడంటే, మన మహిపాల్ ఎలాంటివాడో మీరే ఊహించుకోండి.

ఇంతలో అతని తండ్రి చంద్రమౌళి లోపలికొచ్చాడు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసిన మనిషి. హాల్లో వరసగా వేసిన కుర్చీలు చూడగానే నడుం నిటారైంది.

"లోపలికి జరుగుర్రి, లోపలికి జరుగుర్రి! టికెట్, టికెట్!"

మహిపాల్‌కు సిగ్గుతో చెవులు కాలాయి. స్నేహలత మాత్రం ఫారం పక్కన పడేసి, వెళ్లి ఒక కుర్చీలో కూర్చుంది.

"పరకాల ఒకటి ఇయ్యుర్రి, కండక్టర్ సారూ."

"దిగుడెక్కడ?"

"బస్టాండ్ల. ఎదురుంగనే మా నాయిన దుకాణం. కట్టయ్య చెప్పుల దుకాణమంటే ఎవలైన చెప్తరు."

"చిల్లర తియ్యి."

"ఆడోళ్లకు ఫిరీ గద సారూ."

చంద్రమౌళి అదిరిపడ్డాడు. "ఫిరీయా! ఎప్పటిసంది?"

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అదే పరకాల, అదే చెప్పుల దుకాణం, రోజూ కొత్తగా అదే అదిరిపాటు. స్నేహలత ఒక్కనాడూ విసుక్కోలేదు. మహిపాల్‌కు ఒక్కటే రూలు చెప్పింది.

"ఆయన ఏమన్నా కాదనొద్దు. తప్పు అంటే బుగులు పడుతరు, కోపం చేస్తరు. అవునని, మెల్లగ ముచ్చట మార్చాలె. తెలిసిందా?"

"తెలిసింది మేడం."

నెల తిరిగేసరికి చంద్రమౌళి రాత్రిళ్లు నిద్రపోతున్నాడు. ఆయన నిద్రపోతే కొడుకూ నిద్రపోతున్నాడు. శనివారాల్లో ఇలాంటి ఇళ్లవాళ్లందరూ కూర్చుని మాట్లాడుకునే మీటింగ్‌కు మహిపాల్ ఒక్కవారం కూడా వెళ్లడం మానలేదు. జబ్బు సంగతులు వినడానికే అనేవాడు. కళ్లు మాత్రం వేరే సంగతి వింటుండేవి.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. స్నేహలత గొడుగు పట్టి చంద్రమౌళిని ఆటో దాకా నడిపించింది. మహిపాల్ వెనక తడుస్తూ వచ్చాడు. చంద్రమౌళి ఆటో ఎక్కి, డ్రైవర్ భుజం తట్టాడు.

"ఈమె మా కోడలు తమ్మీ. ఇంటిదాకా పైలంగ తోలు."

మహిపాల్ గబగబా ముందుకొచ్చాడు. "బాపూ, ఆమె..."

స్నేహలత కళ్లెర్రజేసింది. రూలు!

"అవును మామా, పైలంగ పోర్రి" అంది ఆమె, ఏమీ ఎరగనట్టు.

మామా! ఆటో కదిలే ముందు ఎక్కాలన్న సంగతి కూడా మహిపాల్‌కు తోచలేదు. వాన నీళ్లు నోట్లోకి పోతున్నా నోరు మూయలేదు. స్నేహలతే వెనక నుంచి తోసి ఆటో ఎక్కించింది.

అక్కణ్ణుంచి సెంటరంతా అదే ముచ్చట. ఆయా సోమక్క అయితే "ఏం కోడలా, మీ మామకు చాయ్ తేవాల్నా?" అని నవ్వేది. మహిపాల్‌కు లోపల లడ్డూలే. పైకి మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉండేవాడు.

వారం తర్వాత సోమక్కే చెవిన వేసింది. "స్నేహ డ్యూటీ మార్చుమని కాయితం రాసిచ్చింది తమ్మీ. ఇగ ఈడికి రాదట. ఊర్లల్ల ఇండ్లకు పోయి పేషెంట్లను చూస్తదట."

మహిపాల్ ముఖం పాలిపోయింది. ఇంకెందుకు? కోడలా కోడలా అని పిలిపించుకోలేకనే. అయినా తనకేం అర్హత ఉంది? ఇలాంటి ఇంటికి పిల్లనెవరిస్తారు? ఇచ్చినా, వచ్చిన పిల్ల పగలూ రాత్రీ నర్సు పని చేయాల్సిందే. అంత పని ఆ పిల్లకు చేస్తాడా?

మర్నాటి నుంచి తండ్రిని తీసుకెళ్లడం మానేశాడు. సెంటర్ నుంచి ఫోన్ చేస్తే "బాపుకు జరమొచ్చింది" అన్నాడు. ఇంటికి మళ్లీ తాళం పడింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నానికొచ్చేసరికి ముందు తలుపుకు తాళం వేసినట్టే ఉంది. వెనక తలుపు గడియ ఊడి ఉంది. ఇంట్లో మనిషి లేడు.

మహిపాల్ బయటికి పరుగెత్తాడు. గల్లీలన్నీ పిచ్చివాడిలా తిరిగాడు. ఫోన్ తీసి ముందు ఎవరికి చేశాడనుకున్నారు? పోలీసులకు కాదు. పది నిమిషాల్లో స్నేహలత స్కూటీ వచ్చి ఆగింది.

"జరమన్నరు గద?"

"అబద్ధం."

"మళ్ల తాళమా?"

అతను తలూపాడు. ఆమె తిట్టలేదు. తిట్టనందుకు అతనికి ఇంకా భయమేసింది. పోలీసుల నూరు నంబరుకు ఫోన్ చేసి చెప్పింది, అతన్ని వెనక ఎక్కించుకుంది. చౌరస్తా, కూరగాయల మార్కెట్, కాజీపేట స్టేషన్... ఎక్కడా లేడు. రోడ్డు మీద ఎక్కడ జనం గుమిగూడినా, ఏ లారీ కింద పడ్డాడో అని మహిపాల్ బండి ఆపించి చూశాడు.

అప్పుడు మోగింది స్నేహలత ఫోన్. వాళ్లమ్మ చిలుకమ్మ. ఆమె గొంతుకు స్పీకర్ అక్కర్లేదు.

"ఎవలే ఈ ముసలాయన? 'మా కోడలు పుట్టింటికొచ్చి శాన దినాలాయె, తోల్కపోను వచ్చిన' అని దుకాణంల కూసున్నడు! నీ పేరు చెప్తాండు! పెండ్లెప్పుడు చేస్కున్నవే? మీ నాయిన బొమ్మోలె అయిండు!"

"బాపు బతికే ఉన్నడు!" అంటూ మహిపాల్ రోడ్డు పక్కనే కూలబడ్డాడు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మిగతా మాటలు అర్థమయ్యేసరికి రెండూ ఆగిపోయాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. స్నేహలత ముక్కు కొస తెల్లబడింది.

చంద్రమౌళి బస్టాండుకు నడిచిపోయి, "స్టాఫ్" అని పరకాల బస్సెక్కేశాడు. పొద్దున తిన్నది మరిచిపోయే మనిషి, దిగాల్సిన చోటు మాత్రం మరవలేదు.

పరకాల చేరేసరికి చెప్పుల దుకాణం ముందు జాతరంత జనం. లోపల స్టూలు మీద చంద్రమౌళి దర్జాగా చాయ్ తాగుతున్నాడు. చిలుకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఆయనకు బిస్కెట్లు అందిస్తోంది. కట్టయ్య తలెత్తాడు.

"ఎన్ని దినాలాయె బిడ్డా, పెండ్లై?"

మహిపాల్ ముందుకొచ్చాడు. "తప్పు నాదే. మా బాపుకు మతిమరుపు జబ్బు. ఆమె మీద ఏ మచ్చా లేదు. సెంటర్‌ల ఆయన మాట కాదనొద్దంటరు, అందుకే ఊకున్నం."

కట్టయ్య కూతురి వైపే చూశాడు. "అయితే అంత ఉత్తదేనా?"

"పెండ్లి ఉత్తదే నాయినా." స్నేహలత గట్టిగా ఊపిరి తీసుకుంది. "తక్కినది నిజమే. కోడలన్నప్పటిసంది నాకది అబద్ధమనిపిస్తలేదు. పేషెంటు ఇంటోళ్ల మీద మనసు పెట్టుకొని ఆడ పని చేసుడు మంచిగుండదని డ్యూటీ మార్చుకున్న."

జనం హా అన్నారు. అందరికన్నా పెద్దగా నోరు తెరిచినవాడు మహిపాల్.

కట్టయ్య అతని వైపు తిరిగాడు. "మీ బాపుకు చాకిరి చెయ్యనీకా నా బిడ్డ?"

"కాదు మామా!" ఆ పిలుపు ఎలా వచ్చిందో అతనికే తెలియదు. "గా భయానికే ఇన్నొద్దులు నోరు తెర్వలే. బాపును నేనే చూస్కుంట. పగలు సెంటర్‌కు తోల్కపోత, నెలకోపాలి డాక్టర్‌కు చూపిస్త. నలుగురేమన్నా సిగ్గుపడ. ఇగ తాళమెయ్య. నాకు నర్సు వద్దు. ఈమె కావాలె."

బజారు బజారంతా విన్నది. స్నేహలత తల వంచుకుంది. ముక్కు కొస మళ్లీ ఎర్రబడింది, ఈసారి కోపంతో కాదు.

చంద్రమౌళి చాయ్ తాగడం ముగించి, స్నేహలతను ఎగాదిగా చూశాడు.

"ఈ పిల్ల ఎవలు?"

చిలుకమ్మ చేతిలో బిస్కెట్ విరిగింది. కట్టయ్య లేచి, ఆయన చేతిలోని ఖాళీ గ్లాసు అందుకున్నాడు.

"మీ కోడలే బావా. లగ్గం మాత్రం ఇంకా కాలే. మంచిరోజు చూద్దాం, కూసోర్రి."

చంద్రమౌళి అదిరిపడ్డాడు.

"లగ్గం కాకముందే కోడలా! ఏం కాలమొచ్చిందయ్యా! ఏ తలకాయ లేనోడు చెప్పిండు మీకు?"