కనుమ మీద దించేసిన మనిషి

పొద్దున్నే లాపాజ్‌లో వ్యానులో ఎక్కించుకున్న యాత్రికులకు గైడు నిల్దా మూడు కొండ ఊళ్లు చూపించింది. సంతలో తిప్పింది, చర్చి చూపించింది, మధ్యాహ్నం పంది మాంసం పులుసుతో భోజనం పెట్టించింది. ఇక మిగిలింది కనుమ దాటాక వచ్చే ఆఖరి ఊరు. నాటు మందులిచ్చే ముసలమ్మ ఉండేది అక్కడే. నిల్దా తన కూతురు సుల్మాను వెంట తెచ్చుకున్నది ఆమెకు చూపించడానికే.

సుల్మాకు తొమ్మిదేళ్లు. పోయిన నెల ఇదే వ్యానులో అమ్మతో వచ్చి వెళ్లినప్పటి నుంచీ చిక్కి సగమైపోయింది. నడుము పక్కన సన్నని ఎర్రగీత. నొప్పి లేదు, చీము లేదు. డాక్టరు రక్తం తక్కువన్నాడు. నిల్దా తల్లి మాత్రం గీత చూసి గోడకి చేరగిలబడిపోయింది. అది కరిసిరి గీత అంది. వాడు బస్సులో పక్కవాళ్లలాగే కూర్చుంటాడు. అందరినీ నిద్రపుచ్చి, తెలియకుండా ఒంట్లోంచి కొవ్వు తోడుకుపోతాడు. మొదటి గీతకు మందుంది. రెండోది పడితే లేదు.

డ్రైవరు రూఫో బుగ్గన కోకా ఆకుతో పాటు, కరిసిరికి గిట్టదని వెల్లుల్లి రెబ్బ కూడా దోపుకున్నాడు. నిల్దాకూ ఒకటిచ్చాడు. ఆ వాసన పడదని ఆమె వద్దంది.

వ్యాను మలుపులు తిరుగుతూ పైకెక్కుతోంది. బయట మంచుతో కలిసిన వాన. లోపల తడిసిన ఉన్ని వాసన, డీజిలు వాసన. అద్దాల మీద ఆవిరి. ఒక్కొక్కరే తలలు వాల్చేశారు. వెనక సీట్లో సెనోబియో మాత్రం మేలుకునే ఉన్నాడు. ఊరూరా యాత్రికులకు తంత్రీవాద్యం వాయించే ముసలాయన అతను. ప్రతి ట్రిప్పుకీ వస్తాడు.

అతను సుల్మా చేతిని గట్టిగా గిల్లడం నిల్దా చూసింది.

"ఏంటి తాతా, ఏం చేస్తున్నావు?"

"పిల్లని పడుకోనివ్వకు," అన్నాడతను గొంతు తగ్గించి. "నువ్వెళ్లి రూఫో పక్కన కూర్చో. నేను చూసుకుంటా."

"పోయినసారీ అందరూ పడుకున్నారు. నువ్వొక్కడివే మేలుకున్నావు."

"అవునమ్మా. అందుకే చెబుతున్నా."

నిల్దా సీట్లోంచి లేచింది. అరిచి రూఫో చేత బండి ఆపించింది.

అందరూ లేచారు. సంగతి తెలియగానే యాత్రికుల్లో ఒకామె, కొచబాంబా సంతలో మాంసం అమ్మే ఎద్వినా, ముసలాయన చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "ఎంత నున్నగా ఉన్నాయో చూడండి. పని చేసిన చేతులేనా ఇవి?"

"వాయించుకునే చేతులక్కా," అన్నాడు రూఫో.

"నువ్వు నోరు మూసుకుని తలుపు తియ్యి."

సంచి బోర్లించారు. ఎండు రొట్టె, నాలుగు తీగలు. కొవ్వు తోడే సామాను ఎక్కడో దాచేశాడన్నారు. చొక్కా పట్టుకుని కనుమ మీదకి ఈడ్చేశారు. ఎవడో వెనక నుంచి కాలితో తోశాడు. ముసలాయన బురదలో మోకాళ్ల మీద పడ్డాడు.

అతని కోటు సీటు మీదే ఉండిపోయింది.

"కోటైనా ఇచ్చేద్దాం," అన్నాడు రూఫో.

"వాడికి చలేంటి? ఒళ్లంతా మన కొవ్వేగా," అంది ఎద్వినా.

అందరూ నవ్వారు. నిల్దా కూడా నవ్వింది.

ముసలాయన అద్దానికి అరచేయి ఆనించి ఏదో అన్నాడు. పెదాలు కదలడమే కనబడింది. సుల్మా మాత్రం తల ఊపింది. వ్యాను కదిలింది. అరచేయి ఆనిన చోట ఆవిరి మెల్లగా మళ్లీ కమ్ముకుంది.

నిల్దా కూతుర్ని ఒళ్లోకి లాక్కుని శాలువా కప్పింది. ఇక భయం లేదు. ఆఖరి ఊరు ఎంతో దూరం లేదు. వెచ్చగా ఉంది... పిల్ల జుట్టు వాసన... కళ్లు బరువెక్కుతున్నాయి...

మెలకువ వచ్చేసరికి వ్యాను ఆగి ఉంది.

ఇంజిను చప్పుడు లేదు. రూఫో స్టీరింగు మీద తల పెట్టుకుని పడుకున్నాడు. అందరూ పడుకున్నారు. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన... ఎక్కడి నుంచో.

నిల్దా పిల్ల స్వెట్టరు పైకి జరిపింది.

పాత గీత. దాని కింద ఇంకొకటి... ఎర్రగా... తడిగా.

కేక పైకి రాలేదు. నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది. దానికే ఎద్వినా లేచింది. తొంగి చూసింది.

"వాణ్ణి దించేశాం కదా," అంది. తర్వాత ఆమె గొంతు మారింది. "అయితే ఇంకా లోపలే ఉన్నాడు. లేవండి. అందరూ చేతులు చూపించండి. రూఫో, తలుపు తియ్యి."

ముందు సీట్లోంచి ఒక్కొక్క జత చేతులు పైకి లేస్తున్నాయి. ఎద్వినా ఒక్కొక్కటే తడిమి చూస్తూ వస్తోంది. ఈ వరసకి ఇంకా రాలేదు.

నిల్దా కూడా చేతులెత్తబోయింది. వేళ్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. జిడ్డు. మణికట్టు దాకా... ఇంకా వెచ్చగానే ఉంది.

ఒళ్లో సుల్మా కళ్లు తెరిచింది. ఆ చేతులు చూసింది. ఉలిక్కిపడలేదు. వాటిని శాలువా కిందకి లాక్కుని, పావడా అంచుతో ఒక్కొక్క వేలే తుడవడం మొదలుపెట్టింది.

"ఊరుకో అమ్మా," అంది గుసగుసగా. "పోయినసారి కూడా నేనే తుడిచాను."