ముల్లు వాలిన చోట

రికార్డింగ్ గదికి కిటికీలు ఉండవు. బయట ఎండ కాస్తున్నా, వాన పడుతున్నా లోపల ఒకటే వెలుతురు, ఒకటే చల్లదనం. గోడలకు అతికించిన స్పాంజి పలకలు మాటను మింగేస్తాయి. కొత్తవాళ్లు లోపలికి రాగానే ఒకసారి చెవులు తడుముకుంటారు. నాకు అలవాటైపోయింది. పాత తివాచీ వాసన, వేడెక్కిన యంత్రాల వాసన, అడుగంటిన కాఫీ వాసన. అదే నా ఆఫీసు.

ఆ మధ్యాహ్నం మా అక్క పాడటానికి వచ్చింది. వెంట బావ.

అక్క గొంతులో గడ్డ ఉంది. మర్నాడు పొద్దున ఆపరేషన్. గడ్డ తీసేస్తాం గానీ గొంతు సంగతి హామీ ఇవ్వలేమని డాక్టరు ముందే చెప్పేశాడు. అక్క కూతురు ఇంకా బడికి కూడా పోని పిల్ల. తల్లి పాట వింటే తప్ప కన్ను మూయదు. ఆ పాట అక్కే కట్టింది. పల్లవి, నాలుగు చరణాలు.

“గొంతు పోతే పోనీరా. దాని పాట దానికి ఉండాలి” అంది నాతో.

ఒక్క గొంతు, ఒక్క పాట, వెనకాల శ్రుతి తప్ప వాయిద్యం లేదు. ఇంతకన్నా తేలికైన పని ఆ గదిలో ఎప్పుడూ జరగలేదు. అలా అనుకున్నాను.

మైకు పట్టే శబ్దం చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని పెంచే పెట్టె ప్రీయాంప్. నా పెట్టెలో ఇంకో రెండు పనులు కూడా జరుగుతాయి. ఒకటి కంప్రెషన్. గొంతు పెద్దదైతే నొక్కుతుంది, తగ్గితే వదులుతుంది. దాంతో గుసగుస, కేక దాదాపు ఒకే మట్టానికి వస్తాయి. రెండోది ఈక్వలైజర్. గొంతులో బరువు ఎక్కువైతే కింది స్వరాలు కోయవచ్చు, మెరుపు కావాలంటే పైవి పెంచవచ్చు. పెట్టె ముఖాన చిన్న అద్దం, అందులో ఒక ముల్లు. కంప్రెసర్ నొక్కుతున్నప్పుడు ముల్లు ఎడమకు వాలుతుంది. నొక్కడానికి ఏమీ లేనప్పుడు కుడివైపు కదలకుండా నిలబడుతుంది.

ఈ రోజుల్లో అందరూ గొంతును ఉన్నదున్నట్టు రికార్డు చేసి, ఈ కోతలూ నొక్కుళ్లూ తీరిగ్గా కంప్యూటర్లో చేసుకుంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. పెట్టెలోంచి తయారై వచ్చిన గొంతునే రికార్డు చేస్తాను. పాడేవాళ్లకు హెడ్‌ఫోన్స్‌లో తమ గొంతు నిండుగా వినిపిస్తుంది, అరవాల్సిన పని ఉండదు. అక్క ఆ రోజు అరవగలిగే స్థితిలో కూడా లేదు. అందుకే మామూలుకన్నా బాగా నొక్కి, ఆపైన అంతా పెంచి పెట్టాను. ఈ పద్ధతిలో ఒకటే ఇబ్బంది. అలా నొక్కి రికార్డు చేసినదాన్ని మళ్లీ విప్పడం ఎవరి వల్లా కాదు.

పల్లవి ఒక్క దెబ్బకు అయిపోయింది. గాజు పలక అవతల అక్క బొటనవేలు చూపించింది. మొదటి చరణం మొదలుపెట్టింది.

“దీపం చిన్నది చేశాను, నీడా నిద్దరపోతోంది...”

స్పీకర్లలో నాకు వినిపించింది వేరు. ‘దీపం’ లేదు. ఎవరో నోటి మీద చెయ్యి వేసి, తర్వాత తీసినట్టు ‘చిన్నది’ దగ్గర గొంతు తేలింది.

“మళ్లీ పాడక్కా. మొదటి మాట మునిగింది” అన్నాను, నా మాట ఆమె హెడ్‌ఫోన్స్‌కి పంపే గుండీ నొక్కి.

మళ్లీ పాడింది. మళ్లీ మునిగింది.

“మైకుకి దగ్గరగా రా.”

వచ్చింది. మునిగింది.

“మరీ అంత దగ్గరగా కాదు.”

అక్క హెడ్‌ఫోన్స్ ఒక పక్క ఎత్తి గుసగుసగా అంది. “దగ్గరంటావ్, దూరమంటావ్. ఇది పాటా, నీ పెళ్లిచూపులా?”

డాక్టరు గుసగుసలు కూడా వద్దన్నాడు. మా అక్క ఎప్పుడు ఒకరి మాట వింది గనక.

నా వెనక సోఫాలో బావ కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

“మీ ఫోన్ ఆఫ్ చేశారా?”

“ఎప్పుడో చేశానోయ్.”

“కాలు ఊపుతున్నారు. సోఫా కిర్రుమంటోంది.”

“నేను ఈ గదిలో ఉన్నాను, మైకు ఆ గదిలో ఉంది. మధ్యలో గోడ, గాజు, రెండు తలుపులు. నా కాలు అంత గొప్పదనుకోలేదు బామ్మర్దీ.”

ఏసీ ఆపాను. ఫ్రిజ్ వైరు పీకాను. కేబుల్ మార్చాను. ఒకటీ పనిచేయలేదు. మైకే మార్చాను. ప్రతి మార్పుకీ అక్క మళ్లీ పాడాలి. ప్రతిసారీ ఆమె గొంతు ఒక పొర అరిగిపోవడం నాకు వినిపిస్తూనే ఉంది. ఉన్నదే కాస్త గొంతు. దాన్ని నేను కేబుళ్ల పరీక్షకు ఖర్చు పెడుతున్నాను.

అప్పుడు ముల్లును చూశాను. ముందే చూడాల్సింది.

అక్క పాడుతున్నప్పుడు ముల్లు కొద్దికొద్దిగా ఊగుతోంది. అది సరిగ్గానే ఉంది. లైను ముగిసింది. అక్క నోరు మూసుకుంది. స్పీకర్లలో శ్రుతి తప్ప ఏమీ లేదు. ముల్లు లేచి నిలబడాలి.

ముల్లు ఎడమ చివరికి వాలిపోయింది.

అక్క తర్వాతి లైను అందుకోగానే మెల్లగా లేచింది. అందుకే మొదటి మాట మునుగుతోంది. అక్క మొదలుపెట్టేసరికే కంప్రెసర్ దేన్నో బలంగా నొక్కి పట్టి ఉంది. ఆ పట్టు వదలడానికి కాస్త సమయం పడుతోంది. ఈలోగా అక్క మాట దాని కింద పడి నలుగుతోంది.

దేన్ని నొక్కుతోంది?

దీనికి మామూలు కారణాలు ఉంటాయి. వీధిలో లారీ వెళ్తే నేల అదురుతుంది. చెవికి తెలియదు, మైకుకి తెలుస్తుంది. ఈక్వలైజర్‌లో కింది స్వరాలు కోసేశాను. ముల్లు లేవలేదు. పైవి కోశాను. లేవలేదు. మైకు వైరు పీకాను. ముల్లు వెంటనే కుడికి వచ్చి నిలబడింది. పెట్టాను. వాలిపోయింది. అంటే పెట్టెలో ఏ లోపమూ లేదు. అది మైకులోంచే వస్తోంది. మైకు ఉన్న గదిలోంచి.

ఆ గదిలో అక్క ఒక్కతే ఉంది.

“బావా, ఇలా రండి. ఈ ముల్లు చూడండి.”

బావ వచ్చి కళ్లద్దాలు సర్దుకున్నాడు. “పడుకుంది.”

“పడుకోకూడదు. అలా పడుకుందంటే ఎవరో మైకులో గొంతు చించుకుని అరుస్తున్నట్టు లెక్క.”

“ఎవరూ అరవట్లేదుగా.”

“అదే నేనూ చెప్తున్నది.”

బావ నన్నూ, గాజు అవతల నీళ్లు తాగుతున్న అక్కనూ మార్చి మార్చి చూశాడు. “మా పెళ్లయినప్పట్నుంచీ మీ అక్క అరవకపోయినా అరిచినట్టే ఉంటుంది నాకు” అన్నాడు. ఆ జోకుకి తనే నవ్వలేదు.

శబ్దంలో దోషాన్ని పట్టుకోవడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. దోషాన్ని తగ్గించే ముందు పెంచాలి. ఈక్వలైజర్‌లో కొన్ని స్వరాలనే పట్టే సన్నని పట్టీ ఒకటి తీసుకుని, దాన్ని బాగా పెంచి, అడుగు నుంచి పైదాకా నెమ్మదిగా జరుపుతూ పోతాం. దోషం ఉన్న చోటికి రాగానే అది గట్టిగా అరుస్తుంది. దొరికిందనుకుని అక్కడ కోసేస్తాం.

అలా జరిపేటప్పుడు పాడేవాళ్ల హెడ్‌ఫోన్స్‌కి వెళ్లే దారి మూసెయ్యాలి. చెవులు పాడవుతాయని మొదటిరోజే నేర్పుతారు. ఆ రోజు నా చిరాకులో ఆ గుండీ నొక్కడం మరిచిపోయాను.

“అక్కా, కదలకు. ఊరికే నిలబడు” అన్నాను.

పట్టీ పెంచాను. జరపడం మొదలుపెట్టాను.

అడుగున బోలు చప్పుడు. ఖాళీ బిందెలో తల పెట్టినట్టు. ఇంకొంచెం పైకి. శ్రుతి మోగి తగ్గింది. ఇంకొంచెం. గాలి... ఇంకొంచెం...

వచ్చింది.

చాలా దూరంగా. మందమైన తలుపుకి అవతల్నుంచి. ఒక ఆడగొంతు. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా, ఏకబిగిన అరుస్తోంది. మాటలో, ఉత్త కేకో తెలియడం లేదు. అంత దూరంగా ఉన్నా అది నిండు గొంతు. ఏ జబ్బూ అంటని గొంతు. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు వీధి చివర్నుంచి నన్ను అన్నానికి కేకేసిన గొంతు.

అక్క గొంతు.

గాజు అవతల అక్క నోరు మూసుకుని ఉంది. ఆమె కళ్లు మాత్రం మైకును చూస్తున్నాయి. గ్లాసు ఆమె చేతిలో వంగింది. నీళ్లు తివాచీ మీద పడుతున్నాయి. ఆమెకు తెలియడం లేదు.

అప్పుడు చూశాను. హెడ్‌ఫోన్స్ దారి తెరిచే ఉంది.

పెంచిన పట్టీని ఒక్క దెబ్బకు దించేశాను.

“అక్కా! విన్నావా?”

అక్క మైకు పక్కకి తిరిగి, మైకుకి వినబడకూడదన్నట్టు గుసగుసలాడింది.

“మాటలు నీకు అర్థమయ్యాయా?”

“లేదు. నీకు?”

ఆమె తల ఊపింది. అవునో కాదో తెలియలేదు.

బావ గాజుకి ముఖం ఆనించాడు. జోకులన్నీ ఎటో పోయాయి. మాట పంపే గుండీ నేను నొక్కే ఉంచాను. “వచ్చెయ్. పాట వద్దు, ఏమొద్దు. ఇంటికి పోదాం.”

“పాపకి పాట ఉండాలి.”

“ఇంకెప్పుడైనా పాడొచ్చు.”

అక్క తన గొంతు మీద వేలు పెట్టి ఆయనకు చూపించింది.

“ఒరేయ్” అంది నాతో. “నేను పాడుతున్నప్పుడు అది రావట్లేదు కదా?”

“లేదు. నువ్వు ఆగినప్పుడే.”

“అయితే ఆగను. శ్రుతి పెట్టు.”

పెట్టాను. ఇంకేం చెయ్యగలను? కనీసం కంప్రెసర్ తీసేసి మామూలుగా రికార్డు చేద్దామని గుండీ మీద వేలు పెట్టాను. వేలు అక్కడే ఆగిపోయింది. ఇంతసేపూ ఆ కేకను నొక్కి పట్టింది ఆ పెట్టే. పట్టు వదిలితే ఏం వినాల్సి వస్తుందో... వేలు వెనక్కి తీసుకున్నాను.

అక్క మొదలుపెట్టింది.

మొదటి చరణం. లైనుకీ లైనుకీ మధ్య సందు లేదు. చివరి అక్షరం మీదే తర్వాతి మాట ఎక్కిస్తోంది. రెండో చరణం. ముల్లు బుద్ధిగా ఊగుతోంది. ఏ మాటా మునగలేదు. మూడో చరణం. దొంగ ఊపిరి... పదం మధ్యలో చిన్న గుటక... మళ్లీ పాట. మెడ నరాలు తేలాయి. నాలుగో చరణం. గొంతు దారమంత సన్నబడింది. బావ చెయ్యి నా భుజం మీద ఉంది. గోళ్లు దిగుతున్నాయి. నాకు నొప్పి తెలియలేదు.

చివరి లైను.

చివరి మాట.

అయిపోయింది.

ముల్లు ఎడమకు పడింది. ఎంత విసురుగా పడిందంటే అద్దం లోపల టక్కుమని చప్పుడైంది. అక్కడే ఉండిపోయింది. స్పీకర్లలో శ్రుతి తప్ప ఏమీ లేదు.

రికార్డింగ్ ఆపాను. పెట్టె ఆపాను. లోపలికి పరుగెత్తాను. అక్క హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి ఏదో చెప్పబోయింది. పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. గుసగుస కూడా రాలేదు.

మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ క్యాన్సర్ కాదన్నారు, భయం లేదన్నారు. కొన్నాళ్లకు కట్టు విప్పారు, పరీక్షలు చేశారు. గొంతు తీగలు చక్కగా కదులుతున్నాయట. మాట ఎందుకు రావడం లేదో డాక్టరుకి అంతుబట్టలేదు. కొందరికి టైము పడుతుందన్నాడు. అక్క పలక మీద రాసి చూపిస్తోంది. ఆ గదిలో ఏం విన్నదో రాయమని ఒకసారి అడిగాను. పలక తిప్పి బల్ల మీద బోర్లా పెట్టేసింది.

పాట మాత్రం బాగుంది. ఊపిరాడకుండా పాడిన పాట పిల్లని నిద్రపుచ్చదని కంప్యూటర్లో లైన్లు విడదీసి, మధ్యలో చోటు పెట్టాను. ఆ చోట్లలో శ్రుతి కూడా ఉంచలేదు. మైకులోంచి వచ్చినదేదీ మిగలకుండా కోసేశాను. తెర మీద అక్కడ అలలు లేవు, తిన్నని గీత ఉంది. నాలుగుసార్లు సరిచూసుకుని బావకి పంపాను.

ఆ సాయంత్రం, పిల్ల నిద్రపోయే వేళకి, బావ ఫోన్ చేశాడు. వెనక పాట వినిపిస్తోంది.

“పాప పడుకుందా బావా?”

“లేదు.” ఆయన గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. “పాట వస్తున్నంతసేపూ బాగానే వింటోంది. లైను అయిపోగానే రెండు చెవులూ మూసుకుంటోంది. మళ్లీ పాట రాగానే తీస్తోంది.”

“ఆటేమో.”

“నేనూ అదే అనుకున్నాను. ఎందుకమ్మా అంటే, ‘అమ్మని అంత గట్టిగా అరవద్దని చెప్పు నాన్నా’ అంటోంది.”

“ఆ చోట్లలో ఏమీ లేదు బావా. నేనే కోసేశాను.”

“నాకూ ఏమీ వినబడట్లేదోయ్.”

ఫోన్లో పాట లైను ముగిసింది. నిశ్శబ్దం.

“అక్క ఎక్కడుంది?” అన్నాను.

“పాప పక్కనే కూర్చుంది.” ఆయన గొంతు ఇంకా తగ్గింది. “తను కూడా చెవులు మూసుకుంది.”