పాత ఐసు ఫ్యాక్టరీలో ఏడుపు

రేవు దగ్గర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ అంటే ఊళ్లో అందరికీ హడలే. చీకటి పడితే లోపల్నుంచి ఆడమనిషి ఏడుపు వినిపించేదట. తుపానులో పడవ నడిపిన మొనగాళ్లు కూడా ఆ గోడ పక్కకొచ్చేసరికి మాటలు మానేసి గబగబా అడుగులేసేవాళ్లు.

ఆ స్థలంలోనే ఇళ్లు కట్టాలని మున్సిపాలిటీ పట్టుదల. ప్లాను మీద సంతకం పెట్టాల్సింది కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ. దెయ్యాల కొంపలో ఎవరుంటారని జనం గోల. "నేనే చూసొస్తా" అని ఆమె పొద్దుగూకాక టార్చిలైటు పట్టుకుని బయల్దేరింది.

అత్తగారు వెంటపడింది. "ఒక్కదానివే పోతావా? నేనూ వస్తా. దెయ్యమైనా నా నోటి ముందు నిలవాలిగా!"

తలుపు కిర్రుమంది. లోపల తడి వాసన... తుప్పు వాసన. అలికిడి లేదు. హమ్మయ్య అనుకునేలోగా—

ఊఁ... ఊఁ... ఊఁ...

సన్నగా, గొంతు పూడుకుపోయినట్టు.

"అత్తయ్యా... విన్నారా?"

"విన్నాలే... నా చెయ్యి వదలకు" అంది అత్తగారు గుసగుసగా.

ఏడుపు నేల కిందనుంచి వస్తోంది. మూలనున్న ఇనప మూత టకటకా కొట్టుకుంటోంది... ఎవరో లోపల్నుంచి తోస్తున్నట్టు!

అత్తగారికి ఎక్కడలేని రోషం వచ్చింది. "ఏయ్, ఇక చాలు!" అంటూ వెళ్లి మూత మీద దబ్బున కూర్చుంది.

ఏడుపు ఆగింది.

మరుక్షణం— "అమ్మోయ్!"

మూత ఎగిరింది, అత్తగారూ ఎగిరింది. నీళ్లు ముఖాన చిమ్మాయి. చీర ముద్దయింది.

"థూ... ఉప్పు కషాయం!"

అప్పుడు తట్టింది ఆఫీసరమ్మకి. పాత మ్యాపులో చూసింది, ఒకప్పుడు ఇక్కడ ఉప్పుటేరు ఉండేది. దాన్ని గొట్టంలో పెట్టి పైన మట్టి కప్పేశారు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం గొట్టంలోకి ఎగదన్ని, లోపలి గాలిని మూత సందుల్లోంచి తోస్తోంది. రాత్రి ఊరు సద్దుమణిగాక వినిపించే ఆ ఈలే ఏడుపు!

"ఇక్కడ ఇళ్లు కడితే కొంప మునిగినట్టే, అత్తయ్యా..."

మర్నాడు మీటింగులో ఆమె సంతకం పెట్టలేదు. ఏరు తెరవాలి, గట్టున చెట్లూ నడకదారీ వెయ్యాలి, ఇళ్లు మెరక మీద కట్టాలి అంది.

"ఇంత స్థలం నీళ్లపాలు చేస్తారా?" కస్సుమన్నాడు ఛైర్మన్.

వెనక కుర్చీలోంచి అత్తగారు లేచింది. "సాయంత్రం వచ్చి ఆ మూత మీద ఓసారి కూర్చో బాబూ. తర్వాత మాట్లాడదాం."

హాలంతా గొల్లున నవ్వింది. కానీ ఛైర్మన్ నిజంగానే వెళ్లి కూర్చున్నాడు... తడిసిన పంచెతో తిరిగొచ్చి ప్లాను మార్చమన్నాడు.

రెండేళ్లకి పెద్ద తుపాను వచ్చింది. సముద్రం తెరిచిన ఏట్లోకి ఎగదన్నుకొచ్చింది, గట్లని తన్నింది, తెల్లారేసరికి వచ్చిన దారినే పోయింది. మెరక మీది కొత్త ఇళ్లలో ఒక్క గడపా తడవలేదు.