మెడ వెనక ముడి

శవం కట్టెల షెడ్డు వెనక దొరికింది.

వెల్లకిలా, కాళ్ళు చాపుకుని, చేతులు పక్కన పెట్టుకుని, మంచులో తిన్నగా పడుకుని ఉన్నాడు ముసలాయన. ఒంటిమీద రాత్రివేళ వేసుకునే ఉన్ని బట్టలు. భుజాల చుట్టూ ఓవర్‌కోటు. మెడకు బూడిదరంగు మఫ్లర్, కొసలు పైకి కనబడకుండా. కాళ్ళకు మేజోళ్ళే తప్ప బూట్లు లేవు.

ఇన్‌స్పెక్టర్ ఐవిండ్ మోకాళ్ళమీద కూర్చున్నాడు. మంచు తోసే బండి వెనకే జీపు నడుపుకుంటూ కొండెక్కేసరికి మధ్యాహ్నమైంది. నార్వేలో ఆ వైపు కొండలన్నిటినీ ముంచేసిన తుఫాను తెల్లవారాకే ఆగింది.

"కట్టెల కోసం దారి చేసుకుంటున్నాను. పారకి మెత్తగా తగిలింది," అన్నాడు హోటల్ యజమాని అస్లాక్.

పోయినాయన పేరు హల్వార్. బెర్గెన్‌లో పడవల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ప్రతి చలికాలం మేనకోడలు సిగ్నే కారులో ఈ హోటల్‌కే వస్తాడు.

ఐవిండ్ గడ్డంమీది మంచును వేళ్ళతో దులిపాడు. పొడిమంచు రాలిపోయింది. కింద వెంట్రుకలు విడివిడిగా, పొడిగా ఉన్నాయి.

అతను తన గడ్డం తడుముకున్నాడు. బయటికొచ్చి కాసేపైనా కాలేదు, అప్పుడే ఊపిరి తడి గడ్డకట్టి గరగరలాడుతోంది.

శవం మీద టార్పాలిన్ కప్పించి, షెడ్డు పక్కనున్న, మంచుమీద కట్టెలు లాగే స్లెడ్జిబండి దాటుకుని లోపలికి నడిచాడు.

గుమ్మంలోనే గున్వోర్ ఎదురొచ్చింది. అస్లాక్ భార్య. అరవై దాటినా ఒక చేత్తో సూప్ గిన్నె ఎత్తగల మనిషి.

"ముందు ఆ బూట్లు విప్పు నాయనా. కాళ్ళు తడిసుంటాయి."

"పని మీద వచ్చాను పిన్నీ."

"పని ఎక్కడికీ పోదు. ఇవిగో, పొయ్యి దగ్గర ఆరేసిన మేజోళ్ళు. నీ చిట్టితల్లి నడుస్తోందా?"

"పరుగెడుతోంది."

రెండేళ్ళ కిందట దారి మూసుకుపోయిన రోజున ఐవిండ్ భార్య ఈ హోటల్లోనే ప్రసవించింది. బిడ్డను మొదట ఎత్తుకున్న చేతులు గున్వోర్‌వి. ఆవిడ అందించిన వేడి కాఫీ కప్పును అతను రెండు చేతులతో పుచ్చుకున్నాడు.

హాల్లో పెద్ద పొయ్యి మండుతోంది. స్కీయింగ్‌కి వచ్చిన నలుగురు అతిథులు ఒక మూల గుసగుసలాడుకుంటున్నారు. పొయ్యి పక్క కుర్చీలో దుప్పటి కప్పుకుని సిగ్నే కూర్చుని ఉంది. బడిలో పంతులమ్మ. కళ్ళు ఉబ్బిపోయాయి. ఐవిండ్ నోటు పుస్తకమైనా తీయలేదు, ఆమే మొదలుపెట్టింది.

"నేనే చంపాను ఇన్‌స్పెక్టర్‌గారూ. స్టేట్‌మెంట్ రాసుకోండి."

"ఎలా చంపారు?"

"మాటతో. నిన్న సాయంత్రం కరెంటు పోయింది. అందరం హాల్లో పడుకుందాం, పొయ్యి ఉంటుంది అన్నారు గున్వోర్ ఆంటీ. మావయ్య వినలేదు. నా గది నాదే అన్నాడు. నాకు విసుగొచ్చింది. ఎక్కడైనా పడుకో, నాకేం పట్టదు, వచ్చే ఏడు నిన్ను తీసుకురాను అన్నాను. అందరి ముందే."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదు. కొవ్వొత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత లేచి బయటికి... ఎందుకెళ్ళాడో మీకు వేరే చెప్పాలా?"

గున్వోర్ వచ్చి ఆమె చేతిలో సూప్ గిన్నె పెట్టింది. "రెండు గుటకలు తాగమ్మా. నిన్నట్నుంచి ఏం తినలేదు." సిగ్నే చిన్నపిల్లలా తాగింది.

వంటింటి నడవలో ఐవిండ్‌ని అస్లాక్ పట్టుకున్నాడు.

"ఆ పిల్ల తప్పేం లేదు. తప్పు నాది. గాలికి ముందు తలుపు కొట్టుకుంటోందని పది గంటలకి గడియ పెట్టాను. అప్పటికే ఆయన బయటున్నాడేమో. తలుపు కొట్టాడేమో. ఆ గాలిలో వినపడలేదు."

"గడియ పొద్దున ఎవరు తీశారు?"

"నేనే."

"వేసినట్టే ఉందా?"

"ఉంది."

"పదింటికి ముందు హల్వార్ హాలు దాటి వెళ్ళడం చూసినవాళ్ళున్నారా?"

అస్లాక్ ఆలోచించాడు. "లేరు. అందరం పొయ్యి చుట్టూనే ఉన్నాం."

"ఇంకో దారి?"

"వంటింటి తలుపు. కానీ అందరం హాల్లో ఉన్నా గున్వోర్ మాత్రం నిన్న దాని పక్క గదిలోనే పడుకుంది. తనకి చీమ చిటుక్కుమన్నా మెలకువొస్తుంది."

ఐవిండ్ గున్వోర్‌ని అడిగాడు. రాత్రి ఏమీ వినలేదంది. "నేను చూసుకోవాల్సింది నాయనా," అని గిన్నెలవైపు తిరిగిపోయింది.

హల్వార్‌ది కింది అంతస్తులో, గున్వోర్ గదికి ఆనుకుని ఉన్న ఏడో నంబరు గది. మనిషి పట్టనంత చిన్న కిటికీ బార్లా తెరిచి ఉంది. నేలమీద మంచు పడింది. పక్క చక్కగా సర్ది ఉంది. మంచం కింద బూట్లు జతగా ఉన్నాయి. మూల ఇనుప పొయ్యి. తలుపు తీసి లోపల వేలితో రాసి చూశాడు.

బూడిద లేదు. కడిగినట్టుంది.

"ఈ పొయ్యి వాడట్లేదా?"

"శరదృతువులో పొగగొట్టాలు చూసే అతను వచ్చి దీన్ని ముట్టించొద్దన్నాడు," అన్నాడు అస్లాక్. "గొట్టంలో పగులుందట. వేడి నిలవాలని గొట్టానికి పొగ మూత వేస్తే విషవాయువు గదిలోకి తంతుందన్నాడు. కరెంటు హీటర్ పెట్టాం."

"మరి నిన్న కరెంటు లేదుగా. ఇంత చలిలో ఆయన పొయ్యి లేకుండా పడుకున్నాడా?"

అస్లాక్ వంగి పొయ్యిలోకి చూశాడు.

ఐవిండ్ బూట్లు తొడుక్కుని మళ్ళీ బయటికి బయల్దేరాడు. గుమ్మం దగ్గర గున్వోర్ ఆపింది.

"మెడ బోసిగా వెళ్తావేం? అసలే గాలి."

అతని కోటు మీద వేలాడుతున్న మఫ్లర్ లాగి మెడకు రెండు చుట్లు చుట్టింది. కొసలు వెనక్కి తీసుకుంది. మెడ వెనక గట్టిగా ముడి వేసి, ఆ ముడిని కాలరు కిందికి దోపింది. బడికి పంపే పిల్లలకు తల్లులు కట్టినట్టు.

ఐవిండ్ కదల్లేదు.

"ఏమైంది నాయనా? బిగుసుకుందా?"

"లేదు పిన్నీ."

షెడ్డు వెనక టార్పాలిన్ తొలగించి, హల్వార్ తల మెల్లగా ఎత్తి చూశాడు. మఫ్లర్ ముడి మెడ వెనక ఉంది. కాలరు కిందికి దోపి ఉంది.

తను చూడలేదని రాసుకోవచ్చు. ముసలాయన కోపంతో బయటికెళ్ళి చలికి పోయాడు అని రాస్తే అడిగేవాడు లేడు. కూతురి ముఖం గుర్తొచ్చింది. తర్వాత సిగ్నే ముఖం.

లోపలికొచ్చి ముగ్గురినీ హాల్లో కూర్చోబెట్టాడు. మిగతా అతిథులను భోజనాల గదిలోకి పంపాడు.

"హల్వార్ చలికి పోలేదు," అన్నాడు.

సిగ్నే తలెత్తింది.

"బతికుండగా బయట పడి ఉంటే గడ్డంలో ఊపిరి గడ్డకట్టి ఉండాలి. ఆయన గడ్డం పొడిగా ఉంది. చలికి పోయేవాడు ముడుచుకుంటాడు. ఆయన మంచంమీద పడుకున్నట్టున్నాడు. ఎందుకంటే మంచంమీదే పోయాడు. ఏడో గదిలో నిన్న రాత్రి పొయ్యి మండింది. వేడి పోకుండా ఎవరో పొగ మూత వేశారు. కార్బన్ మోనాక్సైడ్. పోస్ట్‌మార్టమ్‌లో తేలుతుంది. పొద్దున ఎవరో పొయ్యి కడిగి, కిటికీ తెరిచి, ఆయన్ని కట్టెలు లాగే స్లెడ్జి మీద వంటింటి తలుపు గుండా బయటికి తీసుకెళ్ళారు."

"ఎవరు?" అన్నాడు అస్లాక్.

"ఆయన మెడ బోసిగా ఉందని మఫ్లర్ కట్టిన మనిషి."

ఐవిండ్ తన మఫ్లర్ ముడి వాళ్ళకు కనబడేలా వెనక్కి తిరిగాడు. వెంటనే మళ్ళీ ఇటు తిరగలేకపోయాడు.

గున్వోర్ గొంతు వినిపించింది. మామూలుగానే ఉంది.

"చలికి దగ్గుతున్నాడు నాయనా. గోడ ఇవతలికి వినబడుతోంది. మనింటికొచ్చిన మనిషి చలికి వణుకుతుంటే నేనెలా పడుకోను? ఒక్క రాత్రికేమవుతుందిలే అనుకున్నా. నాలుగు కట్టెలు వేశాను. బాగా కాలాక మూత వేశాను. ఇప్పుడు హాయిగా ఉంది గున్వోర్ అన్నాడు. ఐదింటికి కాఫీ పట్టుకెళ్తే..."

"నన్ను లేపొచ్చుగా," అన్నాడు అస్లాక్.

"లేపితే నువ్వు పోలీసులకి చెప్తావు. హోటల్ మూసేస్తారు. అదే తోచింది, ఇంకేం తోచలేదు. ఇంకా మంచు పడుతోంది, అడుగులు పూడిపోతాయిలే అనుకున్నా. గుమ్మం దాటాక చూస్తే మెడకేం లేదు. వెనక్కొచ్చి మఫ్లర్ తీసుకెళ్ళా. అలా పంపడానికి చేతులు రాలేదు."

సిగ్నే లేచి నిలబడింది. దుప్పటి జారి కింద పడింది.

"మావయ్యకి తెలిసిందా? బాధపడ్డాడా?"

"లేదమ్మా. నిద్రలోనే."

"నా మీద కోపంగా ఉన్నాడా?"

"నీ మాటే చెప్పాడు. రోజంతా డ్రైవ్ చేసి అలిసిపోయింది, దాన్ని లేపకు అన్నాడు."

సిగ్నే ఆవిడ దగ్గరికి నడిచింది. గొంతు పెంచలేదు.

"ఇదంతా తెలిసే పొద్దున్నుంచీ నా పక్కన కూర్చున్నారు. నేనే చంపానని ఏడుస్తుంటే జుట్టు నిమిరారు. సూప్ తాగించారు. నువ్వు కాదమ్మా అని ఒక్క మాట అనలేకపోయారా?"

గున్వోర్ చేతులు ఏప్రాన్‌లో ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి.

"నువ్వు ఏడ్చినప్పుడల్లా చెప్పేద్దామని లేచాను. లేచి ఇంకో గిన్నె తెచ్చాను."

"పొయ్యి సంగతి నేను ఎప్పటికైనా మర్చిపోతానేమో. ఆ సూప్ మర్చిపోలేను," అంది సిగ్నే.

గున్వోర్ తల వంచుకుంది. బయల్దేరేముందు రాత్రి భోజనాల సంగతి అస్లాక్‌కి చెప్పబోయి, సగంలో మానేసింది.

జీపులో ఆవిడ అతని పక్కన కూర్చుంది. ఐవిండ్ ఆవిడ వైపు చూడలేదు.

"నీ పని నువ్వు చేశావు నాయనా. మనసులో పెట్టుకోకు," అంది.

ఆ ఓదార్పు అతనికి తిట్టుకంటే గట్టిగా తగిలింది.

అప్పుడే దారి తెరుచుకుందని తెలిసి కింది ఊరినుంచి ఒక కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ దిగారు. పిల్లల ముక్కులు ఎర్రబడ్డాయి. కాళ్ళు నేలకేసి కొడుతూ మెట్లెక్కారు.

"ఈ రాత్రికి గది దొరుకుతుందాండీ?" అన్నాడు తండ్రి.

గున్వోర్ చెయ్యి జీపు తలుపు పిడి మీదికి వెళ్ళింది.

గుమ్మంలో అస్లాక్ వాళ్ళ వైపు చూశాడు. జీపు వైపు చూశాడు.

"ఖాళీ లేదు," అన్నాడు.

పిల్లలు మళ్ళీ మెట్లు దిగుతున్నారు. గున్వోర్ పిడి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఐవిండ్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.