బతికుండగానే బ్యానర్ వార్త

"ఇది ఈరోజు సాయంత్రం పేపరు," అన్నాడు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ పెద్దాయన.

అప్పటికి ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

బల్ల మీద పరిచిన మొదటి పేజీ మీదికి ముక్కోపి వంగాడు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే హెడ్డింగ్. 'లైవ్ షోలో ఘోరం! మైకు షార్ట్ సర్క్యూట్... అతిథి దుర్మరణం'. దాని కింద ఇంకో చిన్న హెడ్డింగ్: 'వెక్కి వెక్కి ఏడ్చిన యాంకర్'. అతిథి పేరు, ఫొటో ఉండాల్సిన చోట మాత్రం కాగితం చిరిగిపోయి ఉంది.

"షో ఎన్నింటికి?"

"మూడింటికి."

"అంటే మూడింటికి పోయే మనిషి కోసం ఇప్పుడే ఏడ్చేశారన్నమాట."

"అందరికంటే ముందు వార్త ఇవ్వాలన్న కక్కుర్తి. చంపేది వాళ్లే, రాసేది వాళ్లే. ముందే అచ్చేసుకోడానికి అడ్డేముంది? ప్రెస్‌లో మనవాడొకడు ఈ కాస్తా చింపుకొచ్చాడు."

ముక్కోపికి ఒళ్లు మండిపోయింది. అది వాడికి కొత్త కాదు. డిపార్ట్‌మెంట్‌లో చేరిన రోజు కోడ్ నేమ్ ఏం కావాలని అడిగితే, ఇంకేమీ తోచక ఇంట్లో పిలిచే పేరే చెప్పేశాడు. అప్పటినుంచీ ఆ పేరుకి న్యాయం చేస్తూనే ఉన్నాడు.

మండదా మరి? సముద్రం ఒడ్డున అంత పెద్ద నగరం. ఆ నగరం పొద్దున చదివే పేపరు, సాయంత్రం చదివే పేపరు, రోజంతా మోగే ఎఫ్ఎం, రాత్రిదాకా అరిచే టీవీ ఛానెల్, అన్నీ ఒకే విదేశీ కంపెనీ కొనేసింది. కొన్న మర్నాటినుంచీ అన్నిట్లో ఒకటే పాట. హార్బర్ చివర ఆ కంపెనీ ఒక టవర్ కట్టించి, తుఫాను కబురు ముందే చెప్పే కేంద్రం అంటూ నగరానికి కానుకగా ఇచ్చింది. టవర్ ముందు దండలు, ఫొటోలు, చప్పట్లు. నిజానికి ఆ టవర్ వింటున్నది గాలిని కాదు, నేవీ ఓడల మాటల్ని. ఈ సంగతి రాయాల్సిన విలేకరులంతా జీతాలు పెరిగాయని సంతోషంగా నోళ్లు కుట్టేసుకున్నారు.

"ఈరోజు అతిథి దగ్గర టవర్ గుట్టంతా ఉంది," అన్నాడు పెద్దాయన. "అందుకే పిలిచారు. అతిథి మీద కేసు పెడితే ఆ మాట నిజమని ఊరంతా అనుకుంటుంది. అదే ప్రమాదంలో పోతే, అయ్యో పాపం అని ఊరుకుంటుంది."

"ఎవరా అతిథి?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తెలీదు. నీ పని విను. స్టూడియోలో మైకులు తగిలించేవాడు ఇవాళ సెలవు. వాడి బదులు నువ్వు. అతిథి నడుముకి తగిలించే మైకు పెట్టెలో బాంబుంటుంది. చిన్నది, పెట్టుకున్న మనిషి ఒక్కరే పోతారు. రిమోట్ నొక్కేది దొర."

దొర అంటే ఆ కంపెనీ వెనకున్న గూఢచారి ముఠాకి నాయకుడు. వాడి ముఖం చూసినవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో ఒక్కరూ లేరు.

"దొర ఒడ్డుకి దగ్గర్లో ఒక యాట్‌లో, అదే విలాస పడవలో, టీవీ చూస్తూ కూర్చుంటాడు. యాంకర్ 'ఇక చివరి ప్రశ్న' అనగానే నొక్కుతాడు. ఆలోపు మన బోట్లు చుట్టుముడతాయి. నువ్వు పెట్టె తగిలించి, అవసరమైతే పీకెయ్యడానికి సిద్ధంగా ఉండు. ముందే గోల చేశావో, వాడు జారుకుంటాడు."

"ఇవన్నీ ఎవరు చెప్పారు?"

"యాంకరే. మూడు నెలలుగా మన మనిషి."

"ఆవిడా? ఎదుటివాళ్లని ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వదు. మీకు ఇంత కథ ఎలా చెప్పింది?"

పెద్దాయన ఒక పొట్లం ముందుకి తోశాడు. అందులో గుబురు మీసం, దళసరి అద్దాల కళ్లజోడు, చెవిలో ఇమిడిపోయే వైర్‌లెస్.

*

స్టూడియో వెనక గోడంతా అద్దం. దాని అవతల బాల్కనీ, దాని కింద సముద్రం. ప్రేక్షకులకి అందంగా కనపడాలని కట్టారు. లోపల ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

యాంకర్ మేకప్ అద్దం ముందు నిలబడి లిప్‌స్టిక్ సరిచేసుకుంటోంది. నీలం సిల్కు చీర, చెవులకి మెరుపులు. ఆవిడ నవ్వితే నగరంలో సగంమంది టీవీకి అతుక్కుపోతారంటారు.

"గాలి ఎటు వీస్తోంది మేడం?" అన్నాడు ముక్కోపి, వైర్లు సర్దుతూ.

"ఒడ్డు వైపే," అంది ఆవిడ తడుముకోకుండా. కోడ్ సరిపోయింది. డ్రాయర్లోంచి ఒక మైకు పెట్టె తీసి వాడి చేతిలో పెట్టింది. "ఇది గెస్ట్‌కి. కంగారు పడకు. నేను చూసుకుంటాను."

పెట్టె మామూలుదానికంటే బరువుగా ఉంది. వాడు దాన్ని జేబులో వేసుకుని సెట్ వైపు నడిచాడు.

అక్కడ ఆగిపోయాడు. రోజూ టీవీలో యాంకర్ కుర్చీ అతిథి కుర్చీని ఆనుకునే ఉంటుంది. చెయ్యి వేసి ఓదార్చడానికి, మోకాలు తట్టి గుచ్చి గుచ్చి అడగడానికి. ఇవాళ ఆ కుర్చీ నాలుగడుగులు వెనక్కి జరిగి ఉంది. మధ్యలో లావుపాటి చెక్క బల్ల కూడా వేశారు.

పేలదని నమ్మకం ఉన్న మనిషి కుర్చీ ఎందుకు జరుపుకుంటుంది?

అంతలో తలుపు తెరుచుకుని అతిథి లోపలికి వచ్చింది. నేత చీర, భుజానికి గుడ్డ సంచీ, చెప్పుల నిండా దుమ్ము.

వచ్చింది ముక్కోపి అక్క.

అమ్మా నాన్నా పోయాక వాడిని పెంచిన అక్క. ఒకే ఒక్క కాగితంతో వచ్చే చిన్న పత్రికకి ఓనరూ, ఎడిటరూ, రిపోర్టరూ అన్నీ తనే. స్కూటర్ మీద పేపర్ కట్టలు పెట్టుకుని షాపు షాపుకీ తనే వేసొస్తుంది. ఊళ్లో ఆ కంపెనీకి అమ్ముడుపోని పేపరు అదొక్కటే మిగిలింది.

వాడు వెళ్లి అక్క పక్కన వంగి, భుజం దగ్గర పైటకి మైకు గుచ్చడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్," అంది అక్క పెదవులు కదపకుండా. "ఎరువుల కంపెనీలో కదరా నీ ఉద్యోగం? ఆ మీసమేంటి, బొద్దింక వాలినట్టు?"

"అక్కా, లేచి బయటికి పో. ఇప్పుడే. ఈ పెట్టెలో బాంబుంది. వీళ్లు నిన్ను చంపడానికే పిలిచారు."

అక్క ఒక్క క్షణం వాడి కళ్లలోకి చూసింది. వాడి కోపం ఎప్పుడు ఉత్తిదో ఎప్పుడు నిజమో ఆవిడకి తెలుసు.

"ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. ఒక్కడూ పిలవలేదు. ఇవాళ పిలిచారు. ఊరంతా చూస్తుంది. టవర్ సంగతి చెప్పకుండా నేను కదల్ను. బాంబు సంగతి నువ్వు చూసుకో."

"అక్కా!"

"ముక్కోపీ, పని చూడు."

పళ్లు నూరుకుంటూ వాడు పని చూశాడు. యాంకర్ కోసం రెండో జేబులో ఉంచిన మామూలు పెట్టె తీసి అక్క నడుముకి తగిలించాడు. తర్వాత యాంకర్ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ చేతులు పైకెత్తి, జుట్టు దువ్వుతున్న మేకప్ మనిషిని తిడుతోంది. వెనక్కి చూడలేదు. ఆవిడ నడుముకి బరువు పెట్టె తగిలించాడు. అలా చెయ్యొచ్చా అని వాడు ఆలోచించలేదు. కోపం ఆలోచించనివ్వలేదు.

*

"నమస్కారం మేడం. మీ పేపర్ అసలు ఎంతమంది చదువుతారు?" యాంకర్ నవ్వుతూ మొదలుపెట్టింది.

"మీరు భయపడి పిలిచేంతమంది."

నవ్వు కాస్త బిగుసుకుంది. ఇంకో రెండు వెటకారాలయ్యాక యాడ్స్ వచ్చాయి. ముక్కోపి మైకు సర్దే నెపంతో యాంకర్ చెవి దగ్గరికి వంగాడు.

"గెస్ట్ కోసం ఇచ్చిన పెట్టె ఇప్పుడు నీ నడుముకి ఉంది. చెయ్యి పెట్టకు. పైన కంట్రోల్ రూమ్‌లో మీవాడు చూస్తున్నాడు. నీ గొంతు వినపడకపోతే దొరకి ఫోన్ చేస్తాడు. దొర ఏం చేస్తాడో నీకు తెలుసు."

ఆవిడ చెయ్యి నడుము దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

"దొర ఎక్కడ?"

"యాట్‌లో..."

"సరే, అయితే 'ఇక చివరి ప్రశ్న' అని చెప్పి చూడు."

"పక్క బిల్డింగ్," అంది ఆవిడ. "పేపర్ ఆఫీసు. పైఅంతస్తు."

వైర్‌లెస్‌లో అది విని పెద్దాయన తిట్టిన తిట్టు ఇక్కడ రాయడం కుదరదు. టీమంతా సముద్రంలో ఖాళీ యాట్ చుట్టూ తిరుగుతోంది. వెనక్కి రావాలి, ఒడ్డెక్కాలి, ట్రాఫిక్ దాటాలి.

"మావాళ్లు వచ్చేదాకా షో నడిపించు," అన్నాడు ముక్కోపి. "ఏదైనా అడుగు. ఆ రెండు మాటలు తప్ప."

లైవ్ మళ్లీ మొదలైంది. ఆ నగరం ఎన్నడూ చూడని వింత ఆ మధ్యాహ్నం చూసింది. యాంకర్ ఎదుటి మనిషిని మాట్లాడనిచ్చింది.

"చెప్పండి మేడం. ఇంకా చెప్పండి. వివరంగా చెప్పండి."

అక్క సంచీలోంచి ఫొటోలు తీసింది. టవర్ పైన పెట్టిన యంత్రాలు, నేవీ ఓడల వైపు తిప్పిన వాటి యాంటెన్నాలు. రాత్రిళ్లు టవర్ దగ్గరికి వచ్చిపోయే పడవలు. ఈ వార్త వేయమని బతిమాలితే ఛీ పొమ్మన్న ఎడిటర్లు ఒక్కొక్కరూ ఏమన్నారో చెప్పింది. ఆవిడ గొంతు పెంచలేదు. కానీ ఒక్కో మాటా చెంప మీద కొట్టినట్టు పడింది. కెమెరా పట్టుకున్నవాళ్లు తలలు దించుకున్నారు.

యాంకర్ చెవిలో ఛానెల్ హెడ్ కేకలు బయటికే వినిపిస్తున్నాయి. "ఆపు! ఆవిడ మాట కట్ చెయ్! చివరి ప్రశ్న అడుగు!" అని. 'లైవ్ షోలో ఘోరం' అని అచ్చేసుకున్నాక ప్రసారం ఆపెయ్యడానికి వాళ్లకే వీల్లేదు. ఆవిడ చెమటలు తుడుచుకుంటూ, "చాలా ఆసక్తికరంగా ఉంది మేడం. మీ చిన్నతనం గురించి కూడా చెప్పండి," అంది.

షో టైమ్ దాటిపోయింది. అది దాటుతుందని ప్రెస్ వాళ్లకి ఎవరూ చెప్పలేదు. వాళ్లకి ఇచ్చిన ఆర్డర్ ఒక్కటే: షో అయ్యే టైముకి వ్యాన్లు వదలాలి. వదిలేశారు.

"పేపర్ వీధుల్లోకి వచ్చేసింది!" వైర్‌లెస్‌లో పెద్దాయన అరిచాడు. "షాపుల దగ్గర జనం ఒక చేతిలో మీ అక్క చావు వార్త పట్టుకుని, టీవీలో మీ అక్కని చూస్తున్నారు. నవ్వుతున్నారు, తిడుతున్నారు. ఇక దొర ఆ మాట కోసం ఆగడు. ఆ వార్త నిజం చెయ్యడమే వాడికున్న దారి. మనవాళ్లు మెట్ల మీద ఉన్నారు... తలుపు పగలగొడుతున్నారు... రిమోట్ వాడి చేతిలో..."

దొరకి తెలీదు, పెట్టె ఎవరి నడుముకి ఉందో.

ముక్కోపి యాంకర్ వైపు చూశాడు. కదల్లేదు. కుర్చీ జరుపుకున్న మనిషి. అక్క ముక్కలైతే వెక్కి వెక్కి ఏడవడానికి తయారైన మనిషి. ఒక్క సెకను, ఒకే ఒక్క సెకను, వాడి కాళ్లు నేలకి అంటుకుపోయాయి.

"తియ్యరా దాన్ని!" తమ్ముడి చూపు యాంకర్ నడుము మీద ఆగడం చూసి అక్క కుర్చీలోంచి లేచి అరిచింది. "ఎవరి పేరు మీదైనా సరే, వాళ్ల హెడ్డింగ్ నిజం కాకూడదు!"

వాడు బల్ల మీద నుంచి దూకాడు. వైరుతో సహా పెట్టె పీకాడు. నీలం చీర చిరిగింది. భుజంతో బాల్కనీ తలుపు తోసి, ఉన్న బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరాడు.

పెట్టె నీళ్లని తాకకముందే పేలింది. వెనక అద్దం గోడంతా ముక్కలై రాలింది. నాలుగు కెమెరాలూ తిరుగుతూనే ఉన్నాయి. అన్నేళ్లలో ఆ ఛానెల్ చూపించిన మొట్టమొదటి నిజం అదే.

*

దొర దొరికాడు. అతన్ని చూస్తే భయం వేసేలా ఏమీ లేదు. బట్టతల, కాళ్లకి స్లిప్పర్లు, ముందు సగం తాగిన కాఫీ. టవర్‌కి నేవీ తాళం పడింది. యాంకర్ పోలీసు జీపెక్కుతూ కూడా కెమెరా ఎటుందో చూసుకుంది.

పెద్దాయన స్టూడియోకి వచ్చేసరికి ముక్కోపి మీసం ఊడదీసుకుని, గాజు ముక్కల మధ్య నిలబడి ఉన్నాడు. వాడు వెళ్లి ఆయన కాలరు పట్టుకున్నాడు.

"చిరిగిన ముక్క మీ దగ్గరే ఉంది కదూ? అతిథి మా అక్క అని మీకు ముందే తెలుసు."

"చెప్తే నువ్వు ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకోను! మిమ్మల్ని కూడా నాలుగు తన్ని పోయేవాడిని!"

"ఒరేయ్, వదలరా ఆయన్ని," అంది అక్క కుర్చీలోంచి. "నీ సంగతి ఇంటికెళ్లాక తేలుస్తాను. ఎరువులమ్ముతున్నానని ఇన్నేళ్లు నా చెవిలో పువ్వులు పెట్టావు."

వాడు కాలరు వదిలి అక్క పక్కన నేల మీద కూలబడ్డాడు. అక్క ఎడం చేత్తో వాడి తల నిమురుతూ, కుడి చేత్తో సాయంత్రం పేపరు విప్పింది. తన చావు వార్త మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ప్రూఫులు దిద్దే చూపుతో చదివింది. చదువుతున్నకొద్దీ ముఖం ఎర్రబడింది.

"ఫోన్ చెయ్‌రా ఆ వెధవలకి," అంది. "చంపితే చంపారు, నా వయసు మూడేళ్లు ఎక్కువేశారు. రేపు మొదటి పేజీలో సవరణ పడాలి."