త్రీ హెరన్స్‌లో ఆదివారం భోజనం

"రేపు మధ్యాహ్నం డాక్టర్ హెస్కెత్‌ని చంపబోతున్నారు," అంది చీఫ్ థిసిల్టన్, వాన పడొచ్చని చెప్పినంత మామూలుగా. "ఊరిబయట త్రీ హెరన్స్ పబ్బులో. భోజనం చేస్తుండగా."

"ఆయన్ని ఇంట్లోనే ఉండమంటే పోదా మేడమ్?" అన్నాడు ఏజెంట్ క్రోల్.

"ఈ ఆదివారం తప్పితే పై ఆదివారం. మన జలాంతర్గాముల కోడ్‌లన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి. హంతకుణ్ణి పట్టుకోవాలి. ఆ ముఠా మొహాలు తెలిసిన మనిషి మనకి ఒక్కతే ఉంది. మిరేలా."

క్రోల్ మొహం మాడిపోయింది. మిరేలా ఆరు నెలల కిందటిదాకా ఆ ముఠా మనిషే. అటునుంచి ఇటు దూకిన మనిషి, ఇటునుంచి అటు దూకదని నమ్మకమేమిటి?

మర్నాడు పన్నెండున్నరకి ఇద్దరూ మొగుడూ పెళ్ళాల వేషంలో కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చున్నారు. ఆకుపచ్చ కోటులో మిరేలా అందానికి బార్ దగ్గరున్న రైతులు బీరు తాగడం మర్చిపోయారు. నాలుగు టేబుళ్ళ అవతల డాక్టర్ హెస్కెత్, భార్య. బయట సైకిళ్ళు బాగుచేసుకుంటున్నట్టు నటిస్తూ మరో ఇద్దరు ఏజెంట్లు. క్రోల్ చొక్కా చేతి బొత్తాం నొక్కితే చాలు, లోపలికొస్తారు. హంతకుడు కనపడగానే మిరేలా "ఉప్పు ఇలా ఇవ్వండి" అనాలి. అదీ కోడ్.

క్రోల్‌కి కుదురుగా లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చెయ్యి బొత్తాం మీదికి పోతోంది.

"ఏవండీ, ఆ కాలు ఆపండి," అంది మిరేలా నవ్వుతూ. "టేబులంతా ఊగుతోంది. మీ ఆవిడతో భోజనానికొచ్చారా, పన్ను పీకించుకోడానికొచ్చారా?"

పబ్బు యజమానురాలు డాట్ రెండు ప్లేట్లు తెచ్చి ధబీమని పెట్టింది. "బీఫ్ మీ ఇద్దరితో సరి, నాయనా. ఇంక వచ్చేవాళ్ళకి కోడే గతి!"

అప్పుడే తలుపు తోసుకుని ఒకడు లోపలికొచ్చాడు. బురద బూట్లు, మెడలో మ్యాపు. పొలాలమ్మట నడిచొచ్చిన షికారువాడిలా ఉన్నాడు. మిరేలా చేతిలో ఫోర్కు గాల్లో ఆగిపోయింది.

"ఎవరు?" క్రోల్ పెదవి కదపకుండా అడిగాడు.

"ఎవరో. తెలీదు."

ఫోర్కు కిందికి దిగింది గానీ, ముక్క నోట్లోకి పోలేదు. 'అబద్ధం!' అనుకున్నాడు క్రోల్. కానీ రూఢి లేదు. ఊరికే బొత్తాం నొక్కితే అసలువాడు జారుకుంటాడు.

"డాట్! హార్స్‌రాడిష్ లేదా ఇక్కడ?" డాక్టర్ కేకేశాడు. ముక్కుపుటాలు అదరగొట్టే ఆ తెల్ల పచ్చడి లేందే ఆయనకి బీఫ్ దిగదు.

"నాకేమన్నా పది చేతులున్నాయా డాక్టర్‌గారూ? బార్ మీదుంది, తెచ్చుకోండి!"

"మీరు కూర్చోండి సార్, నేనందిస్తా," అన్నాడు షికారువాడు. బార్ దగ్గరికెళ్ళి, వీపు ఇటు తిప్పి ఒక్క క్షణం నిలబడి, చిన్న పింగాణీ గిన్నె తెచ్చి డాక్టర్ ముందు పెట్టి, పక్క టేబుల్ దగ్గర కూర్చున్నాడు.

డాక్టర్ చెంచాడు తీసుకున్నాడు. ఆ ఘాటు కింద ఏ విషమైనా తెలియదు! క్రోల్ బొత్తాం నొక్కి లేవబోయాడు. అతనికన్నా ముందే మిరేలా లేచి అటు నడిచింది. క్రోల్ వెనకే వెళ్ళాడు.

డాక్టర్ చేతిలో చెంచా, ముందున్న గిన్నె లాక్కుంది. "క్షమించండి, ఇది ఈయనది," అంటూ రెండూ తీసుకెళ్ళి షికారువాడి ముందు పెట్టింది. తర్వాత తన భాషలో, మెల్లగా అంది:

"ముందు నువ్వు తిను, అన్నయ్యా."

ఆ మాత్రం భాష క్రోల్‌కి వచ్చు.

వాడు చెల్లెలి కళ్ళలోకి చూశాడు. గిన్నె వంక చూశాడు. చెయ్యి కోటు జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. చివరికి రెండు చేతులూ తెచ్చి టేబుల్ మీద బోర్లా పెట్టాడు. లోపలికొచ్చిన సైకిలువాళ్ళు చెరోపక్క చెయ్యేసి, స్నేహితుణ్ణి తీసుకెళ్తున్నట్టు బయటికి నడిపించారు.

గిన్నె రుమాల్లో చుట్టుకుని క్రోల్, వెనకే మిరేలా తమ టేబుల్‌కి తిరిగొచ్చి కూర్చున్నారు. ఇప్పుడు టేబుల్ ఊగుతున్నది మిరేలా మోకాళ్ళకి.

"తెలీదన్నాను," అంది. "మనసు మార్చుకుంటాడేమో, గిన్నె వెనక్కి తీసుకుంటాడేమో అని చూశాను. మా అమ్మ పోయాక నాకు అన్నం తినిపించిన చెయ్యి అది."

క్రోల్ మంచినీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు.

డాట్ షికారువాడి టేబుల్ తుడవడానికొచ్చి, ఖాళీ కుర్చీ చూసి నడుం మీద చెయ్యేసుకుంది. "ఆర్డరైనా ఇవ్వకుండా పోయాడేంటి ఈ మనిషి? మా కోడికేం రోగమట?"

"మీ కోడికేం, బంగారంలా ఉంటుందమ్మా," అన్నాడు క్రోల్. "ఆయనకి బయటి తిండి పడదు."