బొట్టుబిళ్ల పెట్టిన కార్డు

ఓబులమ్మ పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తోంది. రొద్దం పక్కనున్న ఆ పల్లెకు ఆమె సర్పంచి. పేరుకే లెండి. కంప్యూటర్లో ఆమె సంతకం పెట్టే కార్డు, దాని రహస్య నంబరు, రెండూ మొన్నటిదాకా కొడుకు యువరాజ్ చేతిలోనే ఉండేవి.

"అమ్మా, నంబరు మార్చినావంట. కొత్తది చెప్పు. నీళ్ల ట్యాంకు పని అయిపోయిందని సంతకం పెట్టి పెనుకొండ ఆఫీసుకు పోవల్ల" అన్నాడు యువరాజ్ అరుగు మీద ల్యాప్‌టాప్ తెరుస్తూ.

"ట్యాంకు యాడయిందిరా?"

"గోడలు లేసినాయి గదా. మిగిలింది కడతానని కాంట్రాక్టరు నాకు మాటిచ్చినాడు."

పోయిన వేసవిలో బోరుకూ ఇదే మాట చెప్పి సంతకం పెట్టేశాడు; బోరు మాత్రం పడలేదు. ఖాళీ బిందెలతో వచ్చిన ఆడవాళ్లు "సంతకం నీదే కదక్కా" అంటుంటే ఓబులమ్మకు తల కొట్టేసినట్లయింది. ఆ రోజు కోడలు అరుణ దగ్గర ఏడ్చింది.

హిందూపురంలో చదువుకున్న పిల్ల అరుణ. మొన్న అత్తచేత కొత్త నంబరు పెట్టించింది ఆమే. కార్డు ఏ వైపు పైకి ఉండాలో తెలిసేలా బొట్టుబిళ్ల అంటించింది. అంకెలు గుర్తుండవని అత్త దిగులుపడితే, "ముగ్గులో చెయ్యి తిరిగినట్లే అంకెల మీద తిప్పు అత్తా. నేను అటు తిరుక్కుంటా, నాక్కూడా తెలీకూడదు" అంది.

ఇప్పుడు యువరాజ్ పెళ్లాం వైపు గుర్రుగా చూసి, గూట్లోని కార్డు లాక్కున్నాడు. ఏవో అంకెలు నొక్కాడు. తప్పు. మళ్లీ నొక్కాడు. తప్పు.

"ఇంకోసారి తప్పయితే కార్డు పనిచెయ్యదు" అంది అరుణ.

"ఏం కొట్టినావురా?" అడిగింది ఓబులమ్మ.

"నేను పుట్టిన తేదీ" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా వినిపించింది.

ఓబులమ్మకు కళ్లు నిండాయి. "మీ నాయన పోయినాక చేను నీకే ఇచ్చినా. ఇల్లు నీకే ఇచ్చినా. నాకు మిగిలింది ఈ పేరొక్కటే నాయనా. దాంతో అబద్ధం చెప్పించొద్దు. రేపు నన్ను పట్టుకుపోతే నీ కాంట్రాక్టరు వస్తాడా?"

యువరాజ్ తల దించుకున్నాడు. కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, "ట్యాంకు అయ్యేదాకా మా యమ్మ సంతకం పెట్టదప్పా" అని పెట్టేశాడు.

"పని కాలేదని రాయి. దానికి పెడతా" అంది ఓబులమ్మ.

రాశాడు. బొట్టుబిళ్ల పైకి ఉండేలా చూసి కార్డు పెట్టాడు. ల్యాప్‌టాప్ తల్లి ముందుకు జరిపి లేచి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

ముగ్గుపిండి అంటిన వేలు అంకెల మీద మెల్లగా తిరిగింది.

"అయిందా అమ్మా?" అన్నాడు వెనక్కి చూడకుండానే.